సిలికాన్ సాక్షి

ఒక కంపెనీలో అయిదు వేల ల్యాప్‌టాప్‌లు ఉన్నాయనుకుందాం. తెల్లవారితే అవన్నీ ఇళ్ల నుంచి, హోటల్ గదుల నుంచి, రైల్వే ప్లాట్‌ఫారాల మీద నుంచి ఆఫీసు సర్వర్లకు కనెక్ట్ అవుతాయి. లోపలికి రానిచ్చే ముందు సర్వర్ ప్రతి యంత్రాన్నీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నీలోకి పరాయి ప్రోగ్రాం ఏదైనా చొరబడిందా? ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ "ఏమీ లేదు, అంతా సవ్యంగా ఉంది" అని బదులిస్తుంది. నిజంగా ఏదైనా చొరబడి ఉన్నా వచ్చే జవాబు అదే. ఎందుకంటే అప్పుడు ఆ జవాబు రాసేది చొరబడిన ప్రోగ్రామే.

సంస్థల కంప్యూటర్ భద్రతలో అన్నిటికంటే మొండి సమస్య ఇది. యాంటీవైరస్ కూడా ఒక సాఫ్ట్‌వేరే. ఆపరేటింగ్ సిస్టం చూపించిన ఫైళ్లనే అది చూడగలదు. ఆపరేటింగ్ సిస్టం దాచిపెడితే యాంటీవైరస్‌కు కనబడదు. ఆపరేటింగ్ సిస్టంను తనిఖీ చేయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ పెడితే, దాన్ని తనిఖీ చేసేదెవరు? ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న ఆగాలి. తాను తనిఖీ చేస్తున్న సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కనిది, అది ఎంత ప్రయత్నించినా మార్చలేనిది ఒకటి యంత్రంలో ఉండాలి. అలాంటి దాన్ని హార్డ్‌వేర్‌లో కట్టే విద్యనే ట్రస్టెడ్ కంప్యూటింగ్ అంటున్నారు.

లోతుకు పోయేకొద్దీ చీకటి

యునిక్స్‌ను రూపొందించిన వారిలో ఒకరైన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీతో కలిసి 1983 ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం 1984 ఆగస్టులో అచ్చయింది. అందులో ఆయన, మనుషులు రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ఒక కంపైలర్‌ను వర్ణించారు. లాగిన్ ప్రోగ్రాంను కంపైల్ చేస్తున్నప్పుడు ఆ కంపైలర్ అందులో ఒక దొడ్డిదారి పెడుతుంది. తన కొత్త కూర్పును కంపైల్ చేస్తున్నప్పుడు అదే దొంగబుద్ధిని దానికీ అంటిస్తుంది. ఆ తర్వాత సోర్స్ కోడ్‌లోని ఆనవాళ్లన్నీ తుడిచేసినా ఫరవాలేదు. లాగిన్ కోడ్‌నూ కంపైలర్ కోడ్‌నూ అక్షరం అక్షరం చదివినా తప్పు దొరకదు. మోసం ఎంత కింది స్థాయిలో ఉంటే పట్టుకోవడం అంత కష్టమని ఆయన హెచ్చరించారు.

34 ఏళ్ల తర్వాత ఆ హెచ్చరిక పూర్తిస్థాయి ఆయుధంగా బయటపడింది. 2018 సెప్టెంబరులో ఈసెట్ అనే భద్రతా సంస్థ లోజాక్స్ అనే ప్రోగ్రాం గురించి ప్రకటించింది. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు పనిచేసేది మదర్‌బోర్డు మీద ఒక చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. లోజాక్స్ అందులోనే కాపురం పెట్టింది. విండోస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అది పోదు. హార్డ్ డిస్కు పీకి కొత్తది పెట్టినా పోదు. బాల్కన్ ప్రాంతంలోని, మధ్య, తూర్పు ఐరోపాల్లోని ప్రభుత్వ సంస్థలు దీని గురి. ప్రయోగశాలల్లో కాకుండా బయటి ప్రపంచంలో నిజమైన దాడిలో కనబడిన మొదటి యూఈఎఫ్ఐ రూట్‌కిట్, అంటే ఆధునిక ఫర్మ్‌వేర్‌లో దాక్కునే చొరబాటు ప్రోగ్రాం, ఇదేనని ఈసెట్ పేర్కొంది.

ఇలాంటి శత్రువును పైనున్న సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. యంత్రం ప్రాణం పోసుకునే తొలి క్షణం నుంచే లెక్క రాసే ఏర్పాటు కావాలి.

తొలి అడుగు నుంచి లెక్క

1999లో కాంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. 2003లో దాని స్థానంలో ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ వచ్చింది. మామూలు పీసీలోనూ పెట్టదగ్గ చవకైన ఒక చిన్న భద్రతా చిప్‌కు అందరూ ఒప్పుకునే ప్రమాణం రాయడం వీరి పని. ఆ చిప్ పేరు ట్రస్టెడ్ ప్లాట్‌ఫాం మాడ్యూల్, పొట్టిగా టీపీఎం. దాని 1.2 కూర్పు 2009లో ఐఎస్ఓ ప్రమాణమైంది. 2.0 కూర్పు 2014లో వచ్చింది. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి కావడంతో, అప్పటిదాకా భద్రతా నిపుణులకే తెలిసిన ఈ పేరు సాధారణ కొనుగోలుదారుల చెవిన కూడా పడింది.

ఈ చిప్‌కు శక్తి చాలా తక్కువ. ప్రాసెసర్‌ను ఆపలేదు, వైరస్‌ను చంపలేదు, ఫైలు తెరిచి చూడలేదు. తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టదు. అడిగితే జవాబిస్తుంది, అంతే. అయితే దాని లోపల కొన్ని రహస్య కీలు ఉంటాయి. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పరికరం ఉంటుంది. హ్యాష్‌లు కట్టే, సంతకాలు చేసే యంత్రాంగం ఉంటుంది. ప్లాట్‌ఫాం కాన్ఫిగరేషన్ రిజిస్టర్లు అనే కొన్ని గళ్లు ఉంటాయి. పీసీల్లో ఇవి 24. వీటిని పీసీఆర్‌లు అంటారు. కథంతా ఈ గళ్లలోనే ఉంది.

కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ప్రోగ్రాంలు వరుసగా ఒకదాన్నొకటి లేపుతాయి. ఫర్మ్‌వేర్ తొలి ముక్క మిగతా ఫర్మ్‌వేర్‌ను లేపుతుంది. అది బూట్‌లోడర్‌ను, బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టం కెర్నల్‌ను, కెర్నల్ డ్రైవర్లను లేపుతాయి. ట్రస్టెడ్ కంప్యూటింగ్ ఈ వరుసకు ఒకే ఒక నియమం చేర్చింది: తర్వాతి ప్రోగ్రాంకు పగ్గాలు అప్పగించే ముందు దాన్ని కొలిచి, ఆ కొలతను టీపీఎంలో రాయాలి. కొలవడమంటే ఆ ప్రోగ్రాం మొత్తానికి హ్యాష్ కట్టడం. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఎంత పెద్ద ప్రోగ్రాంకైనా 256 బిట్ల ముద్ర వస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. అదే ముద్ర వచ్చేలా వేరే ప్రోగ్రాం రాయడం ఇప్పటిదాకా ఎవరికీ సాధ్యం కాలేదు.

స్థలం కొనేటప్పుడు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, అతనికి ఎవరు అమ్మారు అంటూ మూల పట్టాదాకా వెనక్కి వెళ్తారు. మధ్యలో ఒక్క లింకు తెగినా, చేతిలో ఉన్న తాజా రిజిస్ట్రేషన్ పత్రం ఎంత శుభ్రంగా ఉన్నా హక్కు నిలవదు. కంప్యూటర్‌లో జరిగేదీ ఇదే తీరు. కెర్నల్ కొలతను నమ్మాలంటే దాన్ని కొలిచిన బూట్‌లోడర్‌ను నమ్మాలి. బూట్‌లోడర్‌ను నమ్మాలంటే ఫర్మ్‌వేర్‌ను నమ్మాలి. మూల పట్టా స్థానంలో ఉండేది ఫర్మ్‌వేర్ తొలి ముక్క. దాన్ని కొలిచేది ఇంకేదీ లేదు కాబట్టే దాన్ని మార్చడానికి వీల్లేని చోట పెడతారు. ప్రాసెసర్‌లోనే శాశ్వతంగా ముద్రించిన కీతో దాన్ని సరిచూసే పద్ధతులూ ఉన్నాయి.

వెనక్కి తిప్పలేని గడి

చొరబడిన ప్రోగ్రాం టీపీఎంలోని రాతను చెరిపి, మంచి కొలత రాసుకోకూడదా? ఈ సందేహానికి ఇచ్చిన సమాధానంలోనే ఈ రూపకల్పన అందమంతా ఉంది.

పీసీఆర్ గడిలోకి నేరుగా విలువ రాయడానికి ఆదేశమే లేదు. ఉన్నది "పొడిగించు" అనే ఒకే ఆదేశం. దాన్ని అందుకున్న చిప్, గడిలో ఇప్పటికే ఉన్న విలువ పక్కన కొత్త కొలతను చేరుస్తుంది. రెండింటినీ కలిపి మళ్లీ హ్యాష్ కడుతుంది. ఆ ఫలితాన్ని గడిలో ఉంచుతుంది. యంత్రం ఆన్ అయినప్పుడు బూట్ కొలతలు చేరే గడిలో అన్నీ సున్నాలు. మొదటి కొలత చేరగానే ఒక విలువ వస్తుంది. రెండో కొలత చేరితే, మొదటిదాన్ని కూడా తనలో ఇముడ్చుకున్న కొత్త విలువ వస్తుంది. ఇలా యాభై కొలతలు చేరినా గడిలో ఉండేది 256 బిట్లే. ఏయే ప్రోగ్రాంలు ఏ క్రమంలో లేచాయో ఆ చరిత్ర మొత్తానికీ అది ముద్ర. క్రమం మారినా, ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా వేరే విలువ వస్తుంది.

ఇప్పుడు దాడి చేసేవాడి పరిస్థితి ఆలోచించండి. అతని ప్రోగ్రాం మూడో స్థానంలో చొరబడింది. అది పని మొదలుపెట్టక ముందే రెండో స్థానంలోని నిజాయితీ గల ప్రోగ్రాం దాన్ని కొలిచి గడిలో కలిపేసింది. ఇక అతను గడికి ఎన్ని కొలతలైనా జోడించగలడు, కలిసినదాన్ని మాత్రం విడదీయలేడు. జోడించి జోడించి మంచి విలువను రప్పిద్దామంటే, సాధ్యమైన విలువల సంఖ్య 78 అంకెలున్న సంఖ్య. దొరికేదాకా వెతకడం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా జరగని పని. యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే గడులు సున్నా అవుతాయి. కానీ అప్పుడు కొలతలూ మొదటినుంచి మొదలవుతాయి. చొరబాటుదారు మళ్లీ మూడో స్థానంలోనే, మళ్లీ తాను లేవక ముందే పట్టుబడతాడు.

పరిస్థితిని బట్టి తెరుచుకునే తాళం

ఈ గడుల వల్ల సంస్థలకు దొరికిన మొదటి ప్రయోజనం డిస్కు రక్షణ. ఉద్యోగి ల్యాప్‌టాప్‌ను క్యాబ్‌లో మరిచిపోతే పోయేది యంత్రం ఖరీదు మాత్రమే కాదు. అందులోని ఖాతాదారుల వివరాలు, జీతాల పట్టికలు, ఒప్పందాలు పరాయి చేతిలో పడతాయి. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ భయం తగ్గుతుంది. కానీ దాన్ని తెరిచే కీని ఎక్కడ దాచాలి? అదే డిస్కులో దాస్తే అర్థం లేదు. ప్రతిసారీ పొడుగాటి పాస్‌వర్డ్ కొట్టమంటే ఉద్యోగులు దాన్ని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కే అంటిస్తారు.

టీపీఎం ఇక్కడ మూడో దారి చూపింది. కీని చిప్‌కు అప్పగిస్తూ ఒక షరతు పెట్టవచ్చు: ఫలానా గడుల్లో ఫలానా విలువలు ఉంటేనే ఇది బయటికివ్వు. దీన్ని సీల్ చేయడం అంటారు. విండోస్ విస్టాతో వచ్చిన బిట్‌లాకర్ ఈ పద్ధతిని ఆఫీసు ల్యాప్‌టాప్‌లలోకి తెచ్చింది. దొంగ డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలిస్తే అక్కడి టీపీఎంలో ఆ కీ ఉండదు. అదే యంత్రాన్ని పెన్‌డ్రైవ్‌లోని వేరే సిస్టంతో లేపితే గడుల్లో విలువలు మారతాయి, చిప్ కీ ఇవ్వదు. ఉద్యోగి మాత్రం మామూలుగా ఆన్ చేస్తాడు. తన యంత్రంలో ఇంత తతంగం జరుగుతోందని అతనికి తెలియను కూడా తెలియదు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లాంటి న్యాయమైన మార్పు వచ్చినా కూడా గడుల విలువ మారవచ్చు. అప్పుడు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీలను భద్రంగా, అవసరానికి అందేలా దాచడం సంస్థ బాధ్యత. దాని విలువ ఎంతటిదో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్ఠమైన అప్‌డేట్ వల్ల ఆ రోజు విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం వాటి సంఖ్య సుమారు 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ యంత్రాలను బాగుచేయాలంటే ఒక్కొక్కదాన్ని సేఫ్ మోడ్‌లో లేపి చెడ్డ ఫైలును తీసేయాలి. డిస్కు బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ముందు 48 అంకెల కీ కావాలి. కీల జాబితా సులువుగా అందిన సంస్థలు త్వరగా తేరుకోగలిగాయి. దొంగను ఆపే తాళం, తాళంచెవి దాచిన చోటు మరిచిన యజమానినీ ఆపుతుంది. తాళంచెవులను భద్రపరిచే ఏర్పాటును చిప్ తయారుచేసినవాడు చేసిపెట్టడు.

దూరం నుంచి అడిగితే చెప్పే నిజం

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. దూరాన ఉన్న ల్యాప్‌టాప్ పరిస్థితి సర్వర్‌కు ఎలా తెలియాలి?

ప్రతి టీపీఎంకూ ఒక ఎండార్స్‌మెంట్ కీ ఉంటుంది. అది నిజమైన చిప్‌దేనని తయారీదారు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఆధారంతో, సాక్ష్యాల మీద సంతకం చేయడానికే కేటాయించిన మరో కీని చిప్‌లో పుట్టిస్తారు. దాని రహస్య భాగం చిప్ దాటి బయటికి రాదు. సర్వర్ ముందుగా ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. టీపీఎం తన గడుల విలువలనూ ఆ సంఖ్యనూ కలిపి సంతకం చేసి పంపుతుంది. ఆ సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి, నిన్నటి మంచి సాక్ష్యాన్ని దాచిపెట్టుకుని ఇవాళ మళ్లీ చూపించడం కుదరదు. దీనితోపాటు ల్యాప్‌టాప్ తన బూట్ చిట్టాను కూడా పంపుతుంది. ఏ ప్రోగ్రాం, ఏ కొలత, ఏ క్రమం అన్నది అందులో ఉంటుంది. ఆ చిట్టా మామూలు మెమరీలోనే ఉంటుంది, దాన్ని ఎవరైనా దిద్దవచ్చు. అయినా భయం లేదు. సర్వర్ ఆ చిట్టాలోని కొలతలను మొదటినుంచి తానే పొడిగించుకుంటూ వస్తుంది. చివరికి వచ్చిన విలువ, టీపీఎం సంతకం చేసి పంపిన విలువతో సరిపోవాలి. చిట్టాలో ఒక్క పద్దు దిద్దినా సరిపోదు.

కొలతలతో పాటు గుర్తింపు కూడా ముఖ్యం. సంస్థల మీద దాడుల్లో దొంగిలించిన పాస్‌వర్డ్‌ల పాత్ర పెద్దది. పాస్‌వర్డ్‌ను ఒకసారి తెలుసుకుంటే ప్రపంచంలో ఏ మూల నుంచైనా వాడవచ్చు. చిప్‌లో పుట్టి చిప్‌లోనే ఉండే కీని అలా పట్టుకుపోలేరు. 2010 జనవరిలో గూగుల్, తన మీద అధునాతనమైన దాడి జరిగిందని బహిరంగంగా ప్రకటించింది. ఆపరేషన్ అరోరాగా పేరుపడ్డ ఆ దాడి తర్వాత ఆ సంస్థ తన లోపలి భద్రతను మొదటినుంచి మళ్లీ ఆలోచించింది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన ఎవరినీ నమ్మకూడదన్నది అది చేరుకున్న నిర్ణయం. బియాండ్‌కార్ప్ అని పిలిచే ఆ పద్ధతిని 2014లో ప్రచురించింది. అందులో ప్రతి యంత్రానికీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని కీని దాచగల చోట్లలో టీపీఎం ఒకటి. ఎవరు అడుగుతున్నారన్నదే కాకుండా ఏ యంత్రం నుంచి, అది ఏ స్థితిలో ఉండి అడుగుతోందన్నది చూసి అనుమతిస్తారు. 2017లో తన సర్వర్ల కోసం టైటన్ అనే సొంత చిప్‌ను కూడా గూగుల్ ప్రకటించింది.

కీని చిప్ లోపలే ఉంచే ఈ సూత్రం తెలుగు నేల మీద ఇప్పటికే చాలామంది చేతుల్లో ఉంది. ఈ-టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, రిటర్నులు దాఖలు చేసే ఆడిటర్లు, ప్రభుత్వ కార్యాలయాల్లో పత్రాలపై డిజిటల్ సంతకం చేసే అధికారులు యూఎస్‌బీ డాంగిల్ వాడతారు. సంతకం కీ దాని లోపలే ఉంటుంది. కంప్యూటర్ పత్రం హ్యాష్‌ను లోపలికి పంపితే సంతకం బయటికి వస్తుంది, కీ మాత్రం రాదు. ఆధార్ వేలిముద్ర పరికరాల్లోనూ ఇదే మార్పు నడిచింది. ఎల్0 అనే పాత తరగతిలో రహస్య కీ నిర్వహణ పరికరాన్ని తగిలించిన కంప్యూటర్ లేదా ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండేది. ఎల్1 తరగతిలో అది పరికరం లోపల, విడిగా రక్షించిన భాగంలోకి చేరింది. ఎల్0 నుంచి ఎల్1కు మారాలని ఆధార్ సంస్థ ఆదేశించడం వెనక ఉన్న తర్కం ఇక్కడ చెప్పుకుంటున్నదే: కీని సాఫ్ట్‌వేర్‌కు అందకుండా ఉంచాలి.

ఆపడం, రాయడం

ఇక్కడ రెండు పద్ధతులను విడివిడిగా అర్థం చేసుకోవాలి. సెక్యూర్ బూట్ అనేది ఫర్మ్‌వేర్ చేసే తనిఖీ. ప్రోగ్రాం మీద ఆమోదం ఉన్న సంతకం లేకపోతే దాన్ని లేవనివ్వదు. టీపీఎంతో జరిగేది మెజర్డ్ బూట్. అది దేన్నీ ఆపదు, లేచిన ప్రతిదాన్నీ రాసిపెడుతుంది.

ఆపేది ఉండగా రాసేది ఎందుకన్న ప్రశ్నకు 2023 మార్చిలో ఈసెట్ విశ్లేషించిన బ్లాక్‌లోటస్ అనే చొరబాటు ప్రోగ్రాం జవాబు చెప్పింది. విండోస్ బూట్ భాగంలోని ఒక లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలోనే సరిచేసింది. కానీ లోపమున్న పాత ఫైళ్ల మీద మైక్రోసాఫ్ట్ సంతకం చెల్లుబాటులోనే ఉండిపోయింది. బ్లాక్‌లోటస్ ఆ పాత ఫైళ్లను వెంట తెచ్చుకుని, వాటి లోపం గుండా సెక్యూర్ బూట్‌ను దాటింది. సంతకం ఒక ప్రోగ్రాం ఎవరిదో చెబుతుంది. దాన్ని ఇవాళ వాడవచ్చా అన్నది సంతకంలో ఉండదు. కొలతల చిట్టాలో మాత్రం ఈ యంత్రం ఇవాళ పాత బూట్ ఫైలుతో లేచిందన్న నిజం నమోదవుతుంది. చదివేవారుంటే ఆ చిట్టా పనికొస్తుంది. అందుకే ఈ రెండూ కలిసి ఉండాలి. చిట్టాను చదివే మనిషీ ఉండాలి.

చిప్ కూడా మనుషులు చేసిందే

హార్డ్‌వేర్ అన్న మాట వినగానే అది అభేద్యమనుకోవడం ప్రమాదం. 2010లో క్రిస్టఫర్ టార్నోవ్‌స్కీ అనే పరిశోధకుడు ఇన్‌ఫినియాన్ కంపెనీ టీపీఎం పొరలను ఆమ్లాలతో తొలగించి, లోపలి తీగల మీద సన్నని సూదులు పెట్టి రహస్యాలు చదివి చూపించారు. దానికి ప్రయోగశాల, నెలల తరబడి శ్రమ కావాల్సి వచ్చాయి. మామూలు దొంగ చేయగల పని కాదు.

2017 అక్టోబరులో బయటపడిన రోకా లోపం అంతకంటే తీవ్రమైనది. చెక్ దేశంలోని మసారిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారి సహచరులు దాన్ని కనుగొన్నారు. ఇన్‌ఫినియాన్ చిప్‌లు ఆర్ఎస్ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కీల కోసం ప్రధాన సంఖ్యలను వేగంగా పుట్టించడానికి ఒక దగ్గరిదారి వాడాయి. దానివల్ల ఆ సంఖ్యలకు ఊహించదగ్గ ఒక అమరిక వచ్చింది. బహిరంగ కీని చూసి రహస్య కీని లెక్కగట్టే దారి తెరుచుకుంది. 1024 బిట్ల కీకి ఒక ప్రాసెసర్ మీద అత్యధికంగా 97 రోజులు చాలని అంచనా వేశారు. వెయ్యి ప్రాసెసర్లు అద్దెకు తీసుకుంటే అది గంటల పని. ఆ చిప్‌లు గట్టి భద్రతా ధ్రువపత్రాలు పొందినవే. అవే చిప్‌లు ఎస్టోనియా జాతీయ గుర్తింపు కార్డుల్లోనూ ఉన్నాయి. ఆ దేశం 2017 నవంబరు 3 అర్ధరాత్రి నుంచి సుమారు 7,60,000 కార్డుల సర్టిఫికెట్లను నిలిపివేసింది. కార్డుల్లో మరో రకం గణితానికి మారే వీలు ముందే ఉండటం వల్ల, దూరం నుంచే అప్‌డేట్ చేసి గట్టెక్కింది. కీ పుట్టుకలోనే లోపముంటే అది చిప్ దాటి బయటికి రాకపోయినా లాభం లేదు. మార్చుకునే దారిని ముందే కట్టుకున్నవారు బతికిపోతారు.

మూడో లోపం తీగది. చాలా ల్యాప్‌టాప్‌లలో టీపీఎం విడి చిప్‌గా ఉండి, మదర్‌బోర్డు మీది తీగల ద్వారా ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. బిట్‌లాకర్ కీ ఆ తీగల మీద మామూలు రూపంలోనే ప్రయాణిస్తే, మధ్యలో వినవచ్చు. 2024 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు పది డాలర్ల లోపు ఖరీదు చేసే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డుతో ఒక పాత ల్యాప్‌టాప్ నుంచి ఆ కీని 43 సెకన్లలో పట్టి చూపించాడు. దీనికి విరుగుడు తెలిసిందే: యంత్రం లేచేటప్పుడు ఉద్యోగిని ఒక పిన్ అడగాలి. పిన్ సరిపోతే గాని చిప్ కీ ఇవ్వదు. తప్పు పిన్‌లు వరుసగా కొడితే చిప్ తానే కొంతకాలం తలుపు మూసేస్తుంది. టీపీఎంను ప్రాసెసర్ లోపలే ఇమిడ్చితే వినడానికి బయట తీగే ఉండదు. కానీ ఆ పద్ధతికి దాని లోపాలు దానికున్నాయి. 2019లో పరిశోధకులు ఇంటెల్ లోపలి టీపీఎం సంతకం చేయడానికి తీసుకునే సమయంలోని చిన్న తేడాలను కొలిచి, రహస్య కీని రాబట్టారు.

వీటికి తోడు, ఈ పద్ధతి చూడలేనివి కూడా ఉన్నాయి. కొలత జరిగేది ప్రోగ్రాం లేచే ముందు. లేచిన తర్వాత మెమరీలో దాన్ని లోబరుచుకుంటే గడి మారదు. చిప్ నుంచి కీని ఎత్తుకుపోలేని దొంగ, యంత్రం నడుస్తుండగా ఆ చిప్‌తోనే సంతకాలు చేయించుకోగలడు. యంత్రాన్ని ఆపేస్తే అతని అవకాశం పోతుంది, అదొక్కటే ఊరట. టీపీఎం ఉంది కదా అని ప్యాచ్‌లు వేయడం మానేసిన సంస్థ దగ్గర కట్టుదిట్టమైన తలుపుంది, గోడలే లేవు.

తాళం ఎవరిది?

యంత్రం తన స్థితి గురించి యజమాని ప్రమేయం లేకుండా ఇతరులకు చెప్పగలిగితే, ఆ శక్తి ఎవరి చేతిలో ఉండాలి? 2002లో మైక్రోసాఫ్ట్, ట్రస్టెడ్ కంప్యూటింగ్‌ను విండోస్‌లోకి తెచ్చే పల్లాడియం అనే ప్రణాళికను ప్రకటించినప్పుడు ఈ ప్రశ్న పెద్ద దుమారమైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ నాయకుడు రిచర్డ్ స్టాల్‌మన్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ భద్రతా శాస్త్రవేత్త రాస్ ఆండర్సన్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. మన కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం నడవాలో, ఏ ఫైలు తెరుచుకోవాలో కంపెనీలు నిర్ణయించే రోజు వస్తుందని వారి ఆందోళన.

ఆ ఆందోళన న్యాయమైనదేనని నేను నమ్ముతున్నాను. దాని నుంచి మంచి ఫలితాలూ వచ్చాయి. సాక్ష్యం చెప్పే ప్రతిసారీ చిప్ గుర్తింపు బయటపడితే యజమాని ప్రతి అడుగునూ వెంటాడవచ్చు. అలా జరగకుండా, నిజమైన చిప్పేనని రుజువు చూపుతూనే ఏ చిప్పో చెప్పని గణిత పద్ధతిని 2004లో ముగ్గురు పరిశోధకులు రూపొందించారు. అది టీపీఎం ప్రమాణంలో చేరింది. ఆఫీసు ల్యాప్‌టాప్ ఆఫీసు ఆస్తి, దాని స్థితిని సంస్థ అడగడంలో తప్పులేదు. అదే ఉద్యోగి సొంత ఫోన్ విషయానికొస్తే హద్దు మారుతుంది. ఈ హద్దును సంస్థ రాతపూర్వకంగా ఉద్యోగికి చెప్పాలి.

తీర్పు మనుషులదే

టీపీఎం ఇచ్చేది సాక్ష్యం. ఈ విలువ మంచిదా చెడ్డదా అన్నది దానికి తెలియదు. అయిదు వేల ల్యాప్‌టాప్‌లలో పదిరకాల మోడళ్లుంటాయి, ఒక్కోదానికి నాలుగైదు ఫర్మ్‌వేర్ కూర్పులుంటాయి. వీటిలో ఏది సరైన విలువో (దాన్ని గోల్డెన్ వాల్యూ అంటారు) తెలిస్తేనే తేడా పట్టుకోగలం. ఆ పట్టికను తయారుచేసి, ప్రతి అప్‌డేట్‌కూ సరిదిద్దుతూ రావడం చిన్న పని కాదు. ఆ పని చేయని చోట, ల్యాప్‌టాప్‌లన్నిటిలో టీపీఎం ఉన్నా దాని సాక్ష్యం వినే నాథుడు ఉండడు.

కాబట్టి కంప్యూటర్లు కొనే ప్రతి సంస్థ, ముఖ్యంగా ప్రజల సొమ్ముతో కొనే ప్రతి ప్రభుత్వ శాఖ, టెండరులోనే కొన్ని ప్రశ్నలు చేర్చాలి. ఫర్మ్‌వేర్ తొలి ముక్కను మార్చకుండా కాపాడేది ఏమిటి? ప్రతి ఫర్మ్‌వేర్ కూర్పుకూ రావాల్సిన విలువలను తయారీదారు ప్రచురిస్తారా? చిప్‌లో లోపం బయటపడితే దాన్ని దూరం నుంచి సరిచేయగలరా, ఎన్నేళ్లపాటు? రికవరీ కీలు ఎవరి అధీనంలో ఉంటాయి? నెట్‌వర్క్ మొత్తం పడిపోయిన రోజున కూడా అవి చేతికందుతాయా? ఈ జవాబులు కాగితం మీద లేకుండా కొన్న యంత్రంలో భద్రతా చిప్ ఉన్నా దాని వల్ల సంస్థకు ఒనగూరేది స్వల్పం. ఇవి అడిగి కొన్న సంస్థకు మాత్రం, దాడి జరిగిన రోజున ఏ యంత్రాలను నమ్మవచ్చో, ఏవి పక్కన పెట్టాలో తేల్చడానికి సాఫ్ట్‌వేర్ మాట మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.